స్పోర్టివ్‌గా తీసుకో తమ్ముడూ!

‘మనకు చెప్పని చరిత్ర’ వరసలో ఇది పదకొండో భాగం. ఈసారి రాజుల గురించి కాదు, చట్టాల గురించీ కాదు. ఆట గురించి. కొంచెం పొడవైంది, ఓపికగా చదవండి.

పోయిన ఆదివారం రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ రెండో సంవత్సరం, సంక్షేమ హాస్టల్లో ఉంటాడు, కబడ్డీ బాగా ఆడతాడు. టోర్నమెంట్ ఫైనల్లో వీళ్ల జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఫోన్ చేసింది ఓడిపోయినందుకు కాదు. రెండో హాఫ్‌లో అవతలి రైడర్ గీత దాటి వచ్చి, కూతలోనే మన కులం పేరు కలిపి తిట్టాడట. రెఫరీకి చెప్తే, "ఆటలో ఇవన్నీ మామూలే, స్పోర్టివ్‌గా తీసుకో" అన్నాడు. ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా చేతులు కలుపుతుంటే మనవాడు ఆ రైడర్‌కి మాత్రం చేయి ఇవ్వలేదు. పీడీ సార్ అందరి ముందూ అన్నాడట: "ఓడిపోవడం కూడా చేతకాదు నీకు. స్పోర్ట్స్‌మన్ స్పిరిట్ లేదు."

"రాత్రి వాళ్ల కెప్టెన్ హాస్టల్ గేటు దాకా వచ్చాడన్నా. మావాడు చేసింది తప్పు అని ఏదో చెప్పబోయాడు. నేను మొహం కూడా చూడకుండా లోపలికొచ్చేశా. అందరూ తప్పు నాదే అంటున్నారు. నిజంగా నాదేనా అన్నా?"

నీ తప్పేం లేదు, పడుకో అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఊళ్లో వాలీబాల్ జట్టు ఉండేది. ముగ్గురం మా మాదిగపల్లె నుంచి, ముగ్గురు ఊళ్లో నుంచి. నేను నెట్ దగ్గర బాల్ లేపేవాణ్ని, ఊరి కుర్రాడు స్మాష్ కొట్టేవాడు. పక్క మండలంలో షీల్డు గెలిచాం. ఆ షీల్డు పట్టుకుని ఆరుగురం ఒకే ట్రాక్టర్ తొట్టిలో భుజాల మీద చేతులేసుకుని వచ్చాం. ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర దిగాం. వాళ్ల ముగ్గురికీ బల్ల మీద టీ వచ్చింది. మా ముగ్గురి గ్లాసులూ ఎప్పటిలాగే చూరులో ఉన్నాయి. మేమే తీసుకుని, కడుక్కుని, బయట నిలబడి తాగి, మళ్లీ కడిగి చూరులో పెట్టాం. అరగంట ముందు నా భుజం మీద చెయ్యేసినవాడు తల దించుకుని తన టీ తాను తాగాడు. ఒక్కడు కూడా గ్లాసు కింద పెట్టలేదు. మేమూ నోరు తెరవలేదు. స్పోర్టివ్‌గా తీసుకున్నాం మరి!

ఆ చూరులో గ్లాసుకి మాకంటే నూరేళ్ల ముందు ఇంకొక అన్న ఉన్నాడు. అది పూనాలో ఒక మట్టి ముంత. దాన్ని పట్టుకుని పెవిలియన్ బయట నిలబడ్డ మనిషి పేరు పల్వంకర్ బాలూ. తమ్ముడికి నేను చెప్పాల్సిన జవాబు ఆయన కథలో ఉంది.

బాలూ 1870ల మధ్యలో పుట్టారు. కులం చంభార్, అంటే మన దగ్గర మాదిగల్లాగా తోలు పని చేసే అంటరాని కులం. తండ్రి పూనాలో సైన్యంలో పనిచేసేవాడు. తెల్ల ఆఫీసర్లు ఆడి పారేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు. బాలూ మొదటి ఉద్యోగం ఒక పార్శీ క్లబ్బులో: పిచ్ ఊడ్చడం, రోలర్ లాగడం. నెలకి మూడు రూపాయలు. 1892లో తెల్లవాళ్ల పూనా క్లబ్బుకి మారితే జీతం నాలుగు రూపాయలైంది. అక్కడా అదే పని. పిచ్ చదును చెయ్యాలి, గీతలు గియ్యాలి, నెట్లు కట్టాలి.

తెల్లవాళ్లు ప్రాక్టీస్ చెయ్యాలంటే ఎవడో ఒకడు బంతులు వెయ్యాలి కదా. ఎండలో ఆ చాకిరీ దొరలు చెయ్యరు. అది బాలూకి వచ్చింది. ఎడమచేత్తో నెమ్మదిగా తిప్పుతూ గంటల తరబడి, ఏళ్ల తరబడి వేశారు. ఆ క్లబ్బులో గ్రెగ్ అనే కెప్టెన్, మంచి బ్యాట్స్‌మన్, తనను అవుట్ చేసిన ప్రతిసారీ బాలూకి ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. లెక్క వేయండి. ఎనిమిదిసార్లు అవుట్ చేస్తే నెల జీతం! కానీ అన్నేళ్లలో ఒక్కసారి కూడా బాలూ చేతికి బ్యాట్ ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల పని, బౌలింగ్ పనివాడి పని. ఆటలో కూడా వర్ణాలుంటాయి మిత్రులారా.

‘లగాన్’ సినిమాలో కచ్రా పాత్ర గుర్తుందా? అంటరానివాడు, అవిటి చెయ్యి, ఆ చేత్తో బంతి వేస్తే అదే తిరుగుతుంది. మన ప్రతిభ సినిమావాళ్లకి అలా కనిపిస్తుంది, ఏదో అవిటితనం వల్ల వచ్చిన అదృష్టంలాగా. బాలూ చెయ్యి అవిటిది కాదు. ఆ స్పిన్ వెనుక నాలుగు రూపాయల జీతానికి ఏళ్ల తరబడి చేసిన చాకిరీ ఉంది.

పూనాలో హిందువుల క్లబ్బు ఒకటి ఉండేది. దానికి తెల్లవాళ్లను ఓడించాలని కోరిక. ఓడించగల బౌలర్ కళ్ల ముందే ఉన్నాడు, కానీ అంటరానివాడు. క్లబ్బు రెండుగా చీలింది. ఇక్కడ మనవాళ్లు వినాల్సిన సంగతి ఒకటుంది. ఆ క్లబ్బులో ఉన్న తెలుగు సభ్యుల్లో కొందరు బాలూని తీసుకోవాలన్నారు. పూనా బ్రాహ్మలు వెనకాడారు. చివరికి గ్రెగ్ దొరే, బాలూని వదులుకుంటే హిందువులంత తెలివితక్కువవాళ్లు ఉండరన్నట్టు పత్రికలో మాట్లాడాక తీసుకున్నారు. ఆ తెలుగువాళ్లను నెత్తిన పెట్టుకోమని నేననను. వాళ్లకి కావాల్సింది గెలుపు. అయినా గెలుపు కోసమన్నా తలుపు తీసినవాళ్లు వాళ్లు.

తీసుకున్నారు. ఎలా తీసుకున్నారు? మైదానంలో బాలూ వేసిన బంతినే అందరూ పట్టుకుంటారు. తోలు బంతి! టీ విరామం వస్తే మిగతావాళ్లు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగుతారు. బాలూకి బయట, మట్టి ముంతలో. తాగి పారెయ్యాలి. చేతులు కడుక్కోవాలంటే ఇంకొక అంటరాని నౌకరు దూరం నుంచి నీళ్లు పొయ్యాలి. భోజనం వేరే పళ్లెంలో, వేరే చోట.

సతారాలో తెల్లవాళ్ల జింఖానాతో మ్యాచ్. బాలూ బంతి తిరక్కుండా ఉండాలని వాళ్లు వారం రోజులపాటు పిచ్‌ని రోలర్‌తో తొక్కించారని చెప్తారు. అయినా ఆయన ఏడు వికెట్లు తీశారు. పూనాలో సన్మానాలు జరిగాయి. జస్టిస్ మహాదేవ గోవింద రానడే జట్టువాళ్లను నిలదీశారు: కలిసి ఆడగలిగినవాళ్లు కలిసి తినలేరా, తాగలేరా అని. నూటపాతికేళ్ల కిందటి ఆ ప్రశ్నని మించిన స్పోర్ట్స్‌మన్ స్పిరిట్ పాఠం నాకు తెలిసి ఏ పీడీ సార్ దగ్గరా లేదు.

1896లో పూనాలో ప్లేగు వచ్చింది. బాలూ బొంబాయి చేరారు. సైన్యంలో కొంతకాలం, ఆ తర్వాత బొంబాయి బరోడా రైల్వేలో ఉద్యోగం. హిందూ జింఖానాలోకి రానివ్వడానికి అక్కడా కొందరు అడ్డుపడ్డారు. అయినా చేరారు. 1906 ఫిబ్రవరిలో హిందువులకీ తెల్లవాళ్లకీ పెద్ద మ్యాచ్. హిందువులు 242, 160. తెల్లవాళ్లు 191, 102. హిందువులు 109 పరుగులతో గెలిచారు. బాలూ రెండు ఇన్నింగ్స్‌లో కలిపి ఎనిమిది వికెట్లు తీశారు. శివరాం కూడా ఆడాడు. బొంబాయిలో మిగతా ఆటగాళ్లు ఈ అన్నదమ్ములతో కలిసి భోంచేశారు. పూనాలో ముంత, బొంబాయిలో సహపంక్తి. ఆ తేడా చిన్నది కాదు. ఒప్పుకోవాల్సినచోట ఒప్పుకుందాం.

1911లో పటియాలా మహారాజు కెప్టెన్‌గా భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. జట్టు చాలా మ్యాచ్‌లు ఓడింది. బాలూ ఒక్కరే 114 వికెట్లు తీశారు, వికెట్‌కి 19 పరుగులైనా ఇవ్వకుండా. తిరిగొచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవాళ్లు సన్మాన సభ పెట్టారు. ఆ సన్మాన పత్రం రాసింది భీమ్‌రావ్ అంబేడ్కర్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి అని చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశారు. ఈ దృశ్యం గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఇక కెప్టెన్సీ. ఏటా జరిగే బొంబాయి టోర్నమెంట్‌లో, 1907 నుంచి మూడు జట్లు, 1912 నుంచి ముస్లింల జట్టుతో కలిపి నాలుగు. హిందూ జట్టుకి వికెట్లు తీసేది బాలూ, అందరికంటే సీనియర్ బాలూ. కెప్టెన్ మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక బ్రాహ్మడు. పదేళ్లు ఇదే తంతు. 1913లో కెప్టెన్‌గా ఉన్న ఎం.డి. పాయ్, తనకి సన్మానం జరుగుతున్న సభలోనే, ఈ గౌరవం నా మిత్రుడు బాలూకి దక్కాల్సింది, ఆయనే సీనియర్, ఆయనే అనుభవజ్ఞుడు అన్న అర్థంలో చెప్పాడు. పాయ్ కూడా బ్రాహ్మడే. కుర్చీ మీద కూర్చునే ఆ కుర్చీ నాది కాదన్నాడు. దిగిపోయి ఉంటే ఇంకా బాగుండేది, నిజమే. కానీ మా టీకొట్టు దగ్గర ముగ్గురిలో ఒక్కడు ఆ మాత్రం అన్నా నేను జీవితాంతం గుర్తుపెట్టుకునేవాణ్ని.

1916లో సి.కె. నాయుడు ఈ హిందూ జట్టులోనే అడుగుపెట్టాడు. తెలుగు మూలాలున్నవాడని మనం గర్వంగా చెప్పుకుంటాం, విగ్రహాలు పెట్టుకున్నాం. ఆయన ఆడిన ఆ జట్టుకి అప్పటిదాకా గెలుపులు తెచ్చినవాడి పేరు మన ఎన్ని ఇళ్లలో తెలుసు?

1920లో బాలూని జట్టులోంచే తీసేశారు. పాయ్ అందుబాటులో లేడు. బాలూ తమ్ముడు విఠల్ అప్పటికి జట్టుకి ఆధారమైన బ్యాట్స్‌మన్. వరస ప్రకారం కెప్టెన్సీ అతనిది. దాన్ని దాటేసి పూనా బ్రాహ్మడైన దేవధర్‌కి ఇచ్చారు. తర్వాతి రోజుల్లో దేవధర్ ట్రోఫీ అని పేరు పెట్టుకున్నది ఆయన మీదే. మంచి ఆటగాడే, కాదనను. కానీ విఠల్, శివరాం ఏం చేశారో చూడండి. ఆడం అన్నారు. జట్టులోంచి తప్పుకుని, ఎందుకు తప్పుకున్నామో బహిరంగంగా ప్రకటించారు. కెప్టెన్‌ని ఆట చూసి ఎన్నుకోవాలి గానీ, కులమూ హోదా చూసి కాదు అన్నది వాళ్ల మాట సారాంశం.

ఆ రోజు కూడా పెద్దమనుషులు అనే ఉంటారు: జట్టు ముఖ్యం, స్పోర్టివ్‌గా తీసుకోవాలి అని. కానీ ఆట నియమాన్ని అక్కడ తప్పింది ఎవరు? బాగా ఆడినవాడికి ముందు చోటు అన్నదే ఆటకి ప్రాణం. దాన్ని చంపింది సెలెక్టర్లు. దాని కోసం నిలబడింది ఈ అన్నదమ్ములు. ఆడకుండా కూర్చుని ఆటని కాపాడారు. గొడవ ఊరికే పోలేదు. పాయ్ తిరిగి కెప్టెన్‌గా వచ్చాడు, బాలూని మళ్లీ పిలిచి వైస్ కెప్టెన్ని చేశారు. ఆట మధ్యలో పాయ్ మైదానం విడిచి కాసేపు బాలూ చేతికి జట్టుని ఇచ్చాడు. కొద్దిసేపే. అన్నేళ్ల ఆటకి బాలూకి దక్కిన నాయకత్వం అదే.

మూడేళ్లకి, 1923లో, విఠల్ హిందూ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. తెల్లవాళ్లను ఓడించి కప్పు గెలిచాడు. జనం అతన్ని భుజాల మీద మోశారు. ఆ భుజాల్లో, మూడేళ్ల కిందట అతను బరువనుకున్న కులాలవాళ్ల భుజాలూ ఉన్నాయి.

కథ ఇక్కడ ఆపేస్తే మనందరికీ హాయిగా ఉంటుంది. ఆపకూడదు. బాలూ జీవితంలో మనకు మింగుడుపడని భాగం ఇప్పుడొస్తుంది.

బాలూ గాంధీ మనిషి అయ్యారు. 1932 పూనా ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లలో ఆయనా ఉన్నారు. 1935లో బాబాసాహెబ్ హిందువుగా చావనని ప్రకటిస్తే బాలూ దాన్ని వ్యతిరేకించారు. 1937 ఎన్నికల్లో బొంబాయిలో బాబాసాహెబ్ మీద కాంగ్రెస్ ఆయన్నే నిలబెట్టింది. అప్పుడు సన్మాన పత్రం రాసిన కుర్రాడూ, దాన్ని అందుకున్న వీరుడూ ఎదురెదురుగా నిలబడ్డారు. బాబాసాహెబ్‌కి 13,245 ఓట్లు, బాలూకి 11,225. రెండు వేల ఇరవై ఓట్ల తేడాతో బాలూ ఓడిపోయారు. 1955లో చనిపోయారు.

రాజకీయంగా నేను బాబాసాహెబ్ వైపు. ఇందులో నాకు రెండో మాట లేదు. మనల్ని మన మీదే నిలబెట్టే ఎత్తు కాంగ్రెస్‌ది. అది నాకు ఇవాళ్టికీ మంటే. కానీ ఆ ఒక్క ఎన్నిక కోసం మనం బాలూని మన గోడల మీద నుంచి తుడిచేశాం. ఉద్యమంలోకి వచ్చిన కొత్తలో ఒక సీనియర్‌ని అడిగితే, "వాడా, బాబాసాహెబ్ మీద పోటీ చేసినవాడు కదా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు 33, వికెట్లు 179. మట్టి ముంత పట్టుకుని నిలబడిన మధ్యాహ్నాలు లెక్కలేనన్ని. అన్నీ ఒక్క ముక్కలో కొట్టుకుపోయాయి.

స్పోర్ట్స్‌మన్ స్పిరిట్ వాళ్లకి లేదని అరుస్తున్నాం సరే. మనలో మనకుందా? వర్గీకరణ మీద మాల తమ్ముళ్లూ మాదిగ తమ్ముళ్లూ ఇక్కడే, ఇదే ఫేస్‌బుక్‌లో, ఒకరినొకరు ఏమేం తిట్టుకున్నారో నేను చదివాను. అందులో కొన్ని నేనూ రాశాను. సిగ్గుపడుతున్నాను. ఎదుటివాడు మన మీద పోటీకి దిగినంత మాత్రాన వాడు పడ్డ కష్టం అబద్ధం అయిపోదు. వాదనలో ఓడిద్దాం. ఓట్లలో ఓడిద్దాం. మనిషిని చెరిపేసే హక్కు మాత్రం మనకు లేదు. ఎందుకంటే మనల్ని చెరిపేసినవాళ్ల మీదే కదా మన పోరాటం.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ల కోసం ఒక్క మాట. 2021 టోక్యో ఒలింపిక్స్. హాకీలో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి భారత మహిళ. ఆగస్టు 4న సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడిపోయింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చారు, గెంతారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు, అందుకే ఓడారు అని కులం పేరుతో తిట్టారని ఇంటివాళ్లు పోలీసులకి ఫిర్యాదు చేశారు, అరెస్టులు జరిగాయి. తన దేశం ఓడితే టపాసులు కాల్చే దేశభక్తి ఎలాంటిదో మీరే ఆలోచించండి. రెండు రోజుల తర్వాత కాంస్యం కోసం బ్రిటన్‌తో మ్యాచ్. వందన దిగింది, గోల్ కొట్టింది. జట్టు 4-3తో ఓడింది. ఎవరిది స్పోర్ట్స్‌మన్ స్పిరిట్?

తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి.

ఆ రైడర్‌కి నువ్వు చేయి ఇవ్వకపోవడం తప్పు కాదు. చేయి కలపడం అంటే మనిద్దరం ఒకే నియమం కింద ఆడాం అని ఒప్పుకోవడం. అతను ఆ నియమాన్ని గీత దగ్గరే తెంపేశాడు. విఠల్, శివరాం ఆడనన్నది ఎందుకో నువ్వు చేయి ఇవ్వనిదీ అందుకే. అయితే వాళ్లు ఊరికే తప్పుకోలేదు, కారణం చెప్పి తప్పుకున్నారు. నువ్వూ కాగితం మీద పెట్టు. ఏం జరిగింది, ఎన్నో నిమిషంలో, ఎవరెవరు విన్నారు. ప్రిన్సిపాల్‌కి ఒకటి ఇచ్చి రసీదు తీసుకో. పదిమందిలో కులం పేరుతో అవమానించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. అది ‘ఆటలో మామూలు’ కాదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలనుకుంటే నేను తోడొస్తాను.

కానీ ఆ రాత్రి గేటు దాకా వచ్చినవాడి విషయంలో నువ్వు పొరబడ్డావు. పడుకో అని నేనూ తొందరపడ్డాను. అతను ఎం.డి. పాయ్ కావచ్చు. కాకపోవచ్చు కూడా. తెలియాలంటే మాట్లాడాలి కదా. వెళ్లి కలువు. మెత్తబడొద్దు. రాత్రి గేటు దగ్గర నాకు చెప్పిన మాటే పగలు మీ జట్టు ముందు, మీ పీడీ సార్ ముందు చెప్తావా అని అడుగు. ఫిర్యాదు కాగితం మీద సాక్షిగా సంతకం పెడతావా అని అడుగు. పెడితే, ఆ చేయి గట్టిగా పట్టుకో. మా ఊరి టీకొట్టు దగ్గర నేను ఎదురుచూసిన చేయి అదే, నాకు దొరకలేదు. పెట్టకపోతే, అడిగానన్న తృప్తి నీకుంటుంది. అడగలేదన్న బాధ నాకు ఇన్నేళ్లుగా ఉంది.

వచ్చే ఏడు మళ్లీ ఆడు. తప్పకుండా ఆడు. నేను చూడ్డానికొస్తా. ఆట అయ్యాక అందరం కలిసి టీ తాగుదాం, ఒకే రకం గ్లాసుల్లో.

జై భీమ్.